మూడుసార్లు వద్దన్న పిల్ల

మా గోపెంగ్ బజారులో పేపరు చదివేది మా ఆయన ఒక్కడే. మిగతా బజారంతా వింటుంది. పొద్దున్నే ఇపో బస్సువాడు చైనీస్ పేపర్ల కట్టను మా కాఫీ కొట్టు గుమ్మంలో విసిరేసి పోతాడు. ఈయన కళ్లజోడు తుడుచుకుని, ఎత్తు స్టూలెక్కి, ముందు తగరం ధర, తర్వాత చావు కబుర్లు, చివర్న సీరియలు చదువుతాడు. ఆడమనిషి మాట వస్తే గొంతు సన్నం చేస్తాడు, మగవాడి మాట వస్తే బొంగురు చేస్తాడు. పెళ్లయిన కొత్తలో నాతో కూడా అంత ముద్దుగా మాట్లాడలేదు ఆ మనిషి.

ఏట్లో తగరం కడిగే ఆడవాళ్లు పనిలోకి దిగేముందు మా కొట్లోనే కాఫీ తాగేవాళ్లు. వాళ్లలో లియోంగ్ వాళ్ల పెద్దమ్మాయి క్వాన్ ఒకతి. తండ్రి పోయాక, మోకాటి లోతు నీళ్లలో నిలబడి, చెక్క పళ్లెంలో ఇసుక తిప్పి తిప్పి, అడుగున మిగిలిన నల్లటి తగరం అమ్మి తల్లినీ చెల్లెల్నీ సాకింది. చెల్లెలు ఫూన్‌ని చైనీస్ హైస్కూలు దాకా చదివించింది. బెంచీ మీద ఒక కాలు మడిచి పెట్టుకుని, సిగరెట్ ముట్టించుకుని, కాఫీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేది. నోరు విప్పిందంటే లారీ డ్రైవర్లు కూడా తల దించుకునేవాళ్లు.

ఒకసారి పెళ్లిళ్ల పేరమ్మ ఒకావిడ ఏకంగా మా కొట్లోకే వచ్చింది.

"పిల్లాడు బుద్ధిమంతుడు క్వాన్. ఇపోలో సైకిళ్ల కొట్టు ఉంది."

"వద్దు."

"ఒక్కసారి చూస్తే నీ సొమ్మేం పోయింది?"

క్వాన్ లేచి, సాసర్లో మిగిలిన కాఫీ ఆవిడ చెప్పుల మీద ఒంపేసి ఏటికి వెళ్లిపోయింది. వద్దు అనే మాట క్వాన్ ఒక్కసారే అంటుంది. రెండోసారి అనేంత ఓపిక దానికి లేదు.

ఆ సాయంత్రం గ్లాసులు కడుగుతూ నేనే అడిగాను. "ఎందుకే అంత పంతం? రేపు నీకేమన్నా అయితే నీ పేరున ముద్ద పెట్టేవాళ్లు ఉండొద్దూ?" మా చైనీస్ వాళ్లలో పెళ్లికాని ఆడపిల్ల పోతే పుట్టింటి పెద్దల పీఠం మీద ఆమె పేరుపలకకి చోటు లేదు. పెళ్లయిన దాన్నయితే అత్తింటి పెద్దల పక్కన నిలబెడతారు, పూటపూటా ధూపం, పండక్కి అన్నం పెడతారు.

"పిన్నీ, పొద్దుట్నుంచి చీకటిపడేదాకా నీళ్లలో నిలబడే ఉంటున్నా," అంది క్వాన్, పాంటు మడిచి కాళ్లు చూపిస్తూ. నానిపోయి తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. "చచ్చాక కూడా ఎవడింట్లోనో పీఠమెక్కి నిలబడాలా? అప్పుడైనా నన్ను కాస్త కూచోనివ్వండి."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మాట ఇంత పని చేస్తుందని నాకేం తెలుసు?

ఫూన్ మొదటి కథ ఆ ఏడాదే ఆదివారం పేజీలో పడింది. అక్క గురించే. సిగరెట్టూ తిట్లూ కాఫీ ఒంపిన చెప్పులూ అన్నీ ఉన్నాయి. మా ఆయన చదువుతుంటే తగరం కడిగే ఆడవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. "ఇందులో ఏముంది? రోజూ మేం చేసేదేగా. దీనికోసం పేపరు కొనాలా?" అన్నారు. క్వాన్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది.

"నా తిట్లన్నీ ఎత్తుకుపోయావే, దొంగ మొహమా! బాబాయ్, మళ్లీ చదువు. ఆ చెప్పుల దగ్గర్నుంచి చదువు."

ఉత్తరాలు వచ్చాయి. ఒక హెడ్మాస్టరు, ఆడపిల్ల రాయాల్సిన భాష ఇదేనా అని అడిగాడు. పినాంగ్ నుంచి ఒక పెద్దమనిషి, కథలో ఆడది సిగరెట్ తాగింది గనక తమ ఇంట్లో ఆ పేజీ చించి పారేశామని రాశాడు. ఇలాంటి నోరున్న దాన్ని ఎవరు ప్రేమిస్తారని ఒకావిడ ప్రశ్న. ఫూన్ మా వెనక వంటగదిలో కూచుని వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పటికి దానికి ఇరవై కూడా నిండలేదు.

క్వాన్ వచ్చి దాని నెత్తి మీద ఒక్కటి మొట్టింది. "చించాడంటే చదివాడన్నమాటే కదే! ఏడుపు ఆపి ఇంకోటి రాయి."

ఇంకోటి రాసేలోగా క్వాన్ పోయింది. వానలకి పాత గని ఇసుక గట్టు కూలి, కింద పళ్లెం తిప్పుతున్న క్వాన్ మీద పడింది. తవ్వి తీసేసరికి చేతిలో పళ్లెం అలాగే ఉంది.

తల్లి దాని పేరు ఎర్ర కాగితం మీద రాయించి, వంటింటి తలుపు వెనకాల, బోర్లించిన బిస్కట్ల డబ్బా మీద పెట్టింది. అంతకు మించి చోటు లేదు మరి. రోజూ సాయంత్రం అక్కడో చిన్న గిన్నెడు అన్నం పెట్టి, "తలుపు సందులో ఉన్నావే తల్లీ, గాలైనా ఆడుతుందో లేదో," అని ఏడ్చేది. వాళ్లమ్మ లియోంగ్ అక్క చెడ్డది కాదు. అందరికీ ముందే చెబుతున్నాను, ఈ కథలో చెడ్డవాళ్లెవరూ లేరు. అందుకే నాకింత మంట.

ఏడాది తిరక్కుండా ఫూన్ క్వాన్ గురించి పెద్ద కథ రాసుకుని ఇపో వెళ్లింది. పేపరులో సీరియళ్ల పేజీ చూసే ఎడిటరు యాప్ గారు రెండు రోజులు చదివి పిలిపించారట.

"చాలా బాగుందమ్మా. ఎవరూ చదవరు," అన్నారట. "ఈ పిల్ల చచ్చిపోతే పాఠకుడు ఏడవాలి. ఏడవాలంటే ముందు ఆ పిల్ల పెళ్లి కావాలని కలలు కనాలి. ఆ సిగరెట్ తీసెయ్. ఆ నోరు కడిగెయ్."

"మరి నువ్వేమన్నావే?" అని నేనడిగాను.

"నా ఏడుపు నాకొక్కదానికే బరువైపోయింది పిన్నీ," అంది ఫూన్. "అమ్మ ఏడిస్తే అమ్మతోటే పోతోంది. ఊరంతా కలిసి ఏడిస్తే కాస్త తేలికపడతాననిపించింది."

దాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ రాదు.

సీరియలు పేరు 'జంట బాతుల దిండు'. 'నా అక్క' అని మొదలుపెట్టి, చెల్లెలే చెబుతున్నట్టు రాసింది. అక్క పేరు మేయ్ యిన్ అని మార్చింది. మేయ్ యిన్ నేలకి దెబ్బ తగులుతుందేమో అన్నట్టు నడుస్తుంది. పగలంతా తగరం కడిగి, ఇంటికొచ్చి దీపం ముందు కూచుని, పెళ్లినాటికి కావాలని దిండు గలీబుల మీద, విడిపోని దంపతులకి గుర్తుగా, బాతుల జంటను కుడుతుంది. ఎవరేమిచ్చినా, అది కేకు ముక్కే కానీ, కాబోయే అత్తగారిచ్చిన పచ్చ గాజే కానీ, తల వంచుకుని మూడుసార్లు వద్దంటుంది, నాలుగోసారి రెండు చేతులా తీసుకుంటుంది. ఈ అలవాటు ఎక్కడ్నుంచి తెచ్చిందో నాకు తెలుసు. మా ఆడబిడ్డది. ఆ మహాతల్లి మా ఇంటికొచ్చినప్పుడల్లా మూడుసార్లు వద్దు వద్దని, తర్వాత ప్లేటంతా ఖాళీ చేసేది. ఫూన్ ఆ ముక్క తీసి మేయ్ యిన్‌కి తగిలించింది. నేను నవ్వాను కూడా.

బజారు మాత్రం కరిగిపోయింది. మా ఆయన గొంతు సన్నం చేసి, "వద్దండీ... వద్దండీ... వద్దండీ..." అని చదివితే, ఆ లోక్ అని పేరున్న చెరకు రసం బండివాడు కళ్లు తుడుచుకునేవాడు. అంతకుముందు ఆ లోక్ కళ్లు తుడుచుకోవడం ఉల్లిపాయలు తరిగినప్పుడు కూడా నేను చూడలేదు. ఎవరెవరో దిండు గలీబులు కుట్టి పేపరు ఆఫీసుకి పంపారు. మేయ్ యిన్‌కి జ్వరమొచ్చిన వారం, తైపింగ్ నుంచి ఒక వైద్యుడు మందు వేళ్లు పొట్లం కట్టి, మూడు గిన్నెల నీళ్లు ఒక గిన్నె అయ్యేదాకా కాచి తాగించమని రాసి పంపాడు. ఆ పొట్లం ఫూన్ ఇంటికొచ్చింది. తల్లి దాన్ని కాచి, తలుపు వెనక అన్నం గిన్నె పక్కన పెట్టింది.

పెళ్లికి వారం ఉందనగా మేయ్ యిన్ చచ్చిపోయింది. కొట్లో కాల్చిన రొట్టె ప్లేట్లలోనే చల్లారిపోయింది. ఆ లోక్ మూడు రోజులు మా కొట్టు ఛాయలకి రాలేదు. వచ్చినవాడు ఫూన్ కనిపించగానే బజారు మధ్యలో నిలేశాడు.

"ఆ బంగారు తల్లిని చంపడానికి నీకు చేతులెలా వచ్చాయే? ఒక్క వారం ఆగలేకపోయావా? పెళ్లయినా చేసి చంపకూడదూ!"

చివరి భాగంతో పాటు పేపరువాళ్లు క్వాన్ ఫోటో వేశారు. క్వాన్‌కి ఉన్న ఫోటో ఒక్కటే. మా కొట్టు బెంచీ మీద తీసింది, వేళ్ల మధ్య సిగరెట్ ఉంటుంది. పేపరులో బొమ్మలేసేవాడు ఆ సిగరెట్ మీద తెల్లరంగు పూసి ఆర్కిడ్ పువ్వు గీశాడు. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. మా క్వాన్‌కి కళ్లతో పాటు పువ్వు కూడా వచ్చింది.

ఇందులో అందరికన్నా లోతుగా మునిగింది తల్లే. లియోంగ్ అక్కకి చదువు రాదు. అంతకుముందు మా కొట్టుకి వచ్చేది కూడా కాదు. సీరియలు మొదలయ్యాక రోజూ పొద్దున్నే వచ్చి గోడవారన కూచుని వినేది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని అంది, "చూశావా, పెళ్లంటే దానికెంత ఆశో! నాకెప్పుడూ చెప్పలేదు. వద్దు వద్దంటుంటే నిజమే అనుకున్నాను. ఇల్లు గడవదని నోరు నొక్కుకుంది నా తల్లి. చెల్లెలికి మాత్రం చెప్పుకుంది."

"అక్కా, అది కథ," అన్నాను.

"కథే. నా కూతురు కథ," అంది.

చూంగ్ అమ్మ వచ్చింది ఆ తర్వాతే. కంపార్ నుంచి బస్సులో వచ్చింది. బుట్టనిండా నారింజలు, కళ్లకింద నల్లటి చారలు. ముందు మా కొట్లోనే ఆగి లియోంగ్ వాళ్లిల్లు అడిగింది. అంతదూరం నుంచి వచ్చిందని నేనే వెంట వెళ్లాను. ఆవిడ కొడుకు కామ్ వెంగ్ లారీ కంపెనీలో గుమాస్తా. పెళ్లి కాకుండానే మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. అప్పట్నుంచి ఆవిడ రోజూ కొడుకు ఫోటో ముందు కూచుని సీరియలు చదివి వినిపించేదట.

"మొన్న కల్లోకొచ్చాడమ్మా," అంది లియోంగ్ అక్కతో. "అమ్మా, నాకు తలకింద దిండు లేదన్నాడు. నాకు వెంటనే అర్థమైంది. మీ అమ్మాయికీ ఎవరూ లేరు, మావాడికీ ఎవరూ లేరు. మీ అమ్మాయిని మా కోడలిగా ఇవ్వండి. మా పీఠం మీద, మా అత్తగారి పక్కనే పెట్టుకుంటాను. నేను బతికున్నన్నాళ్లూ పూట తప్పకుండా వేడన్నం పెడతాను."

లియోంగ్ అక్క ఆ నారింజల బుట్టని గుండెకి హత్తుకుని, తలుపు వెనక్కి వెళ్లి, ఆ డబ్బా ముందు కూలబడింది. "విన్నావటే? నీకు ఇల్లొచ్చిందే," అని ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషంతో. చనిపోయిన పిల్లకి చనిపోయిన పిల్లాడితో పెళ్లి చెయ్యడం మాకు కొత్తేం కాదు. నాక్కూడా ఒక్క క్షణం, పోనీలే, తలుపు సందు తప్పుతుంది అనిపించింది. అంతలో క్వాన్ కాళ్లు గుర్తొచ్చాయి.

బయట్నుంచి వచ్చిన ఫూన్ సంగతి విని గుమ్మంలోనే ఆగిపోయింది. చూంగ్ అమ్మ వెళ్లేదాకా ఓపిక పట్టింది.

"అమ్మా, అక్క పెళ్లి వద్దంది. నీకూ తెలుసు, పిన్నికీ తెలుసు. చచ్చాకైనా కూచోనివ్వమంది."

"నీకు చెప్పింది వేరు కదే. దీపం ముందు కూచుని దిండు గలీబు కుట్టిందని నువ్వేగా రాశావు?"

"అదంతా నేను కల్పించాను. అక్కకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు."

తల్లి దాని వంక తేరిపార చూసింది. "అయితే పెరాక్ రాష్ట్రమంతటినీ ఏడిపించింది అబద్ధమా? లేకపోతే ఇప్పుడు నాతో చెబుతున్నది అబద్ధమా?"

"సన్యాసినుల గుడిలో పేరుపలకకి చోటు తీసుకుందాం. అక్కడ పెడదాం అక్కని."

"పరాయివాళ్ల మధ్య పడేస్తావా నా పిల్లని!"

"కంపార్‌వాళ్లు పరాయివాళ్లు కాదా?"

"అత్తిల్లు పరాయిల్లెలా అవుతుందే, పిచ్చిదానా!"

ఫూన్ ఆ వారమంతా కూచుని నిజం రాసింది. మేయ్ యిన్ అనే మనిషి లేదు, ఉన్నది క్వాన్, క్వాన్ ఇలా ఉండేది అంటూ సిగరెట్టూ తిట్లూ నానిన కాళ్లూ కూచోనివ్వమన్న మాటా అన్నీ పెట్టింది. అంత బాగా అది అంతకుముందు రాయలేదు, తర్వాతా రాయలేదు. యాప్ గారు మంచివాడే, వేశారు. "నేను వేస్తాను. నిన్నెవరూ నమ్మరు. చూసుకో," అన్నారట.

మా ఆయన చదివాడు. ఈసారి గొంతు సన్నం చెయ్యలేదు. క్వాన్ తిట్లు క్వాన్ తిట్టినట్టే చదివాడు. నాకు వెనక బెంచీ మీద అది కాలు మడిచి కూచున్నట్టే అనిపించి, కెటిల్ వదిలేసి వెనక్కి తిరిగి చూశాను.

చదవడం అయ్యాక ఆ లోక్ పెదవి విరిచాడు. "అక్క మీద అసూయ. అంతే. అక్కకి పెళ్లవుతోంది, తనకింకా కాలేదు."

"నీ మొహం!" అన్నాను నేను. "ఆ బెంచీ మీద క్వాన్ నీ పక్కనే కూచునేది కదరా! నీ బండి చక్రం కింద అది సిగరెట్లు ఆర్పేది. మర్చిపోయావా?"

"తాగిందేమో అక్కా," అన్నాడు, కళ్లు తిప్పుకుని. "మనసులో మాత్రం మేయ్ యిన్నే."

లియోంగ్ అక్క గోడవారన లేచి నిలబడింది. "ఎవరిది? ఆ చదివింది ఎవరి గురించి?" అని మా ఆయన్ని అడిగింది.

"మీ పెద్దమ్మాయి గురించే అక్కా."

"కాదు. అది నా కూతురు కాదు," అని వెళ్లిపోయింది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మా బజారులో అది తిరగబడింది. ఫూన్‌కి ఈసారి వచ్చినన్ని ఉత్తరాలు ఎప్పుడూ రాలేదు. చచ్చిన అక్కని బజారుకీడ్చావు అని ఒకరు. మా మేయ్ యిన్ గురించి ఇంకొక్క మాటంటే ఊరుకోం అని ఇంకొకరు. నిజం ఎవరడిగారు నిన్ను అని ఒక స్కూలు పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసింది. అదివరకు పేజీ చించిన పినాంగ్ పెద్దమనిషి, ఈసారి కూడా చించానని తెలియజేశాడు.

ఆఖరికి ఫూన్ తల్లి కాళ్ల దగ్గర కూచుంది. నేనూ అక్కడే ఉన్నాను.

"నా మాట వినకు. ఊరి మాటా వినకు. అక్కనే అడుగుదాం. పూజారిని పిలిచి చెక్కలు వేయిద్దాం. వద్దంటే మానేస్తావా?"

"మానేస్తాను," అంది తల్లి, కళ్లు ఒత్తుకుని. "దానికిష్టం లేకుండా నేనెందుకు చేస్తానే? కన్నదాన్ని."

ఫూన్ మొహంలో చాలా రోజులకి రక్తం కనిపించింది. "అక్క ఒక్కసారే చెబుతుంది పిన్నీ, చూడు," అని నా చెవిలో అంది.

పోయినవాళ్లని ఏదైనా అడగాలంటే మాకు రెండు చెక్కలుంటాయి. నెలవంక ఆకారం, ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. ప్రశ్న అడిగి నేల మీద వేస్తారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనన్నట్టు. రెండూ ఉబ్బు పైకి పడితే వద్దన్నట్టు.

ఆ రోజు లియోంగ్ వాళ్లింట్లో కాలు పెట్టే సందు లేదు. తైపింగ్ నుంచీ తంజుంగ్ మాలిం నుంచీ కూడా పాఠకులొచ్చారు. క్వాన్ బదులు కాగితంతో చేసిన పెళ్లికూతురు ఎర్ర బట్టల్లో కుర్చీలో కూచుని ఉంది. దాని పక్కన ఎవరెవరో కుట్టి పంపిన బాతుల దిళ్లు గుట్టగా పడున్నాయి. చూంగ్ అమ్మ పచ్చ గాజు పట్టుకుని నిలబడింది. తలుపు వెనకాల ఉన్న ఎర్ర కాగితం ఎవరు తెచ్చి పెట్టారో, మొదటిసారి ముందుగదిలోకి వచ్చింది. 'వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు' అని ఆ లోక్ జోకులేస్తున్నాడు. వాడికి తెలీదు, ఈ పెళ్లికి అన్ని కూడా అక్కర్లేదు.

పూజారి ధూపం ముట్టించి, "లియోంగ్ సుయెత్ క్వాన్, చూంగ్ వారింటికి వెళ్లడం నీకిష్టమేనా?" అని అడిగి చెక్కలు వేశాడు.

రెండూ ఉబ్బు పైకి పడ్డాయి.

వద్దు.

ఫూన్ ఊపిరి వదలడం నాకు వినపడింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను పూజారి వంక చూశాను, ఇక లేస్తాడని. అప్పుడు వెనకాల్నుంచి ఆ లోక్ గొంతు వినపడింది.

"మరి! అడగ్గానే ఒప్పుకుంటే మేయ్ యిన్ ఎలా అవుతుంది?"

గదంతా ఒక్కసారి నవ్వింది. ఎంత ప్రేమగా నవ్విందో చెప్పలేను. ఆడవాళ్లు ముక్కులు ఎగబీలుస్తూ నవ్వారు. "మా కోడలికి సిగ్గెక్కువ," అంది చూంగ్ అమ్మ. పూజారి కూడా సీరియలు చదివే ఉంటాడు. చిరునవ్వుతో చెక్కలు ఏరి మళ్లీ వేశాడు.

రెండూ ఉబ్బు పైకి.

"రెండు!" అన్నారెవరో.

"ఆపండి," అంది ఫూన్. "వద్దంటోంది. రెండుసార్లు చెప్పింది. అమ్మా, మానేస్తానన్నావు."

తల్లి ఫూన్ బుగ్గ నిమిరింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. "పిచ్చిదానా, ఆ అలవాటు నీకు తెలియంది కాదుగా? మూడుసార్లు అననీ. దాని ముచ్చట దాన్ని తీర్చుకోనీ."

"అది అక్క అలవాటు కాదు! నేను పెట్టాను! నేను పెట్టానమ్మా!"

ఎవరూ వినలేదు. మూడోసారి చెక్కలు గాల్లోకి లేచాయి. ఒకటి గుండ్రంగా తిరిగి తిరిగి కుర్చీ కాలికి తగిలి ఆగింది. రెండూ ఉబ్బు పైకే. గదిలో జనం చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు. చచ్చిపోయిన క్వాన్ వద్దు, వద్దు, వద్దని మూడుసార్లు చెప్పింది. బతికున్నప్పుడు ఒక్కసారికి మించి చెప్పని మనిషి. ఆ మూడింటికీ జనం చప్పట్లు కొట్టారు.

నాలుగోసారి ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడింది. అది క్వాన్ మాటో, ఉత్త చెక్కల మాటో నాకు తెలీదు. ముందు మూడూ మాత్రం క్వాన్వే. నేను ప్రమాణం చేసి చెబుతాను. బయట టపాకాయలు పేలాయి. చూంగ్ అమ్మ కాగితం చేతికి పచ్చ గాజు తొడిగింది. ఫూన్ నా చెయ్యి వదిలేసి, ఆ దిళ్ల గుట్ట పక్కన నేల మీద కూచుండిపోయింది. "చెల్లెలు కదా, అక్క వెళ్లిపోతుంటే బాధ ఉండదూ," అని పక్కావిడ జాలిపడింది.

పెళ్లి భాగం రాయమని యాప్ గారు మనిషిని పంపారు. ఫూన్ రాయలేదు. వేరే ఎవరో రాశారు. మా ఆయన చదవనంటే ఆ లోక్ ఎవరో స్కూలు పిల్లని పిలిపించి చదివించుకున్నాడు. లియోంగ్ అక్క విని విని, ఇంటికెళ్లి, తలుపు వెనకాల బిస్కట్ల డబ్బా కడిగి ఎండలో పెట్టింది. తర్వాత దాన్లో బియ్యం పోసుకుంది.

ఫూన్ రాయడం మానలేదు. మానితే బాగుండేదని ఒకటి రెండుసార్లు అంది, అంతే. తర్వాత చాలా పుస్తకాలు వచ్చాయి, సింగపూర్‌లో కూడా చదువుతారట. ఎక్కడికెళ్లినా సభలో మైకు పట్టుకున్నవాడు ముందు అనేమాట ఒక్కటే, 'జంట బాతుల దిండు రాసిన రచయిత్రి' అని. అది నవ్వి నమస్కారం పెడుతుంది. ఆ నవ్వు నాకు తెలుసు. దానికన్నా ఏడిస్తే చూడబుద్ధేస్తుంది.

ఏటా సమాధులు తుడిచే పండక్కి కంపార్ వెళుతుంది. ఈసారి నన్నూ తీసుకెళ్లింది. చూంగ్ అమ్మకి వయసైపోయింది, చూపు మందగించింది. అయినా వేడన్నం మాట తప్పలేదు. మేం వెళ్లేసరికి గిన్నెలోంచి ఆవిరి వస్తోంది. పీఠం మీద అత్తగారి పక్కన, కామ్ వెంగ్ పక్కన, చెక్కపలక. పైన ఫోటో, వేళ్ల మధ్య తెల్ల పువ్వు.

"చూశావా, ఎంత నిటారుగా నిలబెట్టుకున్నామో," అంది చూంగ్ అమ్మ నాతో, గర్వంగా. "ఇన్నేళ్లలో ఒక్కసారి పక్కకి ఒరిగింది లేదు. రోజూ నేనే తుడిచి సరిగ్గా నిలబెడతాను."

నేను తల దించుకున్నాను. ఫూన్ ధూపం పుల్లలు తియ్యలేదు. సంచీలోంచి సిగరెట్ పెట్టె తీసింది. క్వాన్ తాగే రకమే. ఒకటి ముట్టించి, ఒక్క దమ్ము లాగి, దగ్గి, ధూపం గిన్నెలో బూడిదలో నిలబెట్టి చేతులు జోడించింది. పొగ ఫోటో మీదకి లేచింది. అంతసేపట్లో మొదటిసారి అది నాకు క్వాన్‌లా కనిపించింది.

చూంగ్ అమ్మ వాసన పట్టింది. కర్ర ఆనించుకుంటూ దగ్గరికి వచ్చి, తడుముకుని ఆ సిగరెట్ ఊడబెరికి, జాగ్రత్తగా, ఏ కోపమూ లేకుండా, ఫూన్ చేతిలో పెట్టింది.

"మా కోడలికి ఆ అలవాటు లేదు తల్లీ," అంది. "నువ్వే రాశావు కదా."